సంస్కారం రొట్టె

చర్చిలో పంచే సంస్కారం రొట్టెకి ఉప్పు వెయ్యకూడదు, నూనె తగలకూడదు, పిండి పొంగకూడదు. పెనం మీద కాల్చేటప్పుడు నల్లమచ్చ పడకూడదు. నెలలో మొదటి ఆదివారానికి ముందురోజు సాయంత్రం ఆ రొట్టె చెయ్యడం మా ఇంటి బాధ్యత, ఎందుకంటే మా మావయ్య గారు, దైవాధీనం గారు, సంఘంలో పెద్ద. మా ఇంటి బాధ్యత అంటే నా బాధ్యత. పొద్దున్నే మావయ్య గారు ఆ రొట్టెని తెల్లగుడ్డలో చుట్టి, రెండు చేతుల్లో పెట్టుకుని చర్చికి నడుచుకుంటూ వెళ్తారు. దారిలో ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని వందనాలు చెప్తారు. పెళ్ళయి బందరు వచ్చిన కొత్తలో ఆ వందనాల్లో నాకూ కాస్త వాటా ఉందనుకునేదాన్ని. తరవాత అనుకోవడం మానేశాను. బాధపడి మానెయ్యలేదు, పని ఎక్కువై మానేశాను.

ఆ ఆదివారం నేను చేసిన రొట్టే నా గొంతులో ఇరుక్కుంది.

మా చర్చిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటాం. రొట్టె ముక్కల పళ్ళెం చేతులు మారుతూ వస్తుంది. తీసుకున్న ముక్కని అరచేతిలో పెట్టుకుని ఆగుతాం. పాస్టరు ఫిలిప్ గారు ప్రార్థన చేశాక అందరం ఒకేసారి నోట్లో వేసుకుంటాం. అందరూ తినేదాకా ఆయన ద్రాక్షరసం గిన్నెల పళ్ళెం ముట్టుకోరు. అది ఆయన పెట్టిన పద్ధతో, ముందటి పాస్టరు గారిదో తెలీదు గానీ మా సంఘంలో అంతే. నాకో ఉపాయం ఉండేది. ముక్కని బుగ్గన పెట్టుకుని తలొంచుకుని కూర్చుంటే అందరూ నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకునేవాళ్ళు. చిన్న గిన్నెలో రసం వచ్చేసరికి అది పిండైపోయేది, రసంతో పాటు దిగిపోయేది. ఆ రోజు ఫిలిప్ గారికి ఇంకో ఊళ్ళో పెళ్ళి ఉంది. అంతా తొందరగా జరిగింది. గిన్నె ముందుకొచ్చేసింది. ముక్క ముక్కలాగే ఉంది. మింగాను. మెడ కింద, ఎముక వెనక, ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. రసం పోస్తే అదీ ఆగింది. ఊపిరి అందలేదు. దగ్గు వచ్చింది. రొట్టే రసమూ కలిసి వెనక్కొచ్చి నా పక్కనే కూర్చున్న మా అత్తయ్య రాజమ్మ గారి తెల్లచీర మీద పడ్డాయి.

ఆ రొట్టే రసమూ తీసుకోవడాన్ని మేం ప్రభువు బల్ల అంటాం. ఆ బల్ల గురించి చిన్నప్పటి నుంచీ మేం అందరం విన్నదే: లోపల ఏదో దాచిపెట్టుకుని, యోగ్యత లేకుండా తీసుకుంటే అది ఒంటికి పట్టదు సరికదా, కీడు చేస్తుంది. సండేస్కూల్లో పిల్లలకి ఆ మాట చెప్పేదాన్ని నేనే. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నా వైపు చూసి, వెంటనే కళ్ళు దించుకుని, తమ లోపల తాము వెతుక్కున్నట్టు కూర్చున్నారు.

ఇంటికొచ్చాక అత్తయ్య చీర విప్పి బకెట్లో పడేసింది. దాన్ని ఉతికింది నేనే. నురగ ఊదారంగుకి తిరుగుతుంటే వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏం దాచుకున్నావ్ కృపా లోపల?"

"ఏమీ లేదత్తయ్యా. ఇరుక్కుంది, అంతే."

"అందరికీ దిగింది. నీకొక్కదానికే ఇరుక్కుందా?"

మా ఆయన ఉదయ్ కిరణ్ బస్సు డిపోలో మెకానిక్. మాట తక్కువ మనిషి. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకోడానికి నేనిచ్చిన తువ్వాలు తీసుకుంటూ చాలా శాంతంగా అన్నారు, "ఏదైనా ఉంటే చెప్పెయ్. నేను పెద్ద మనసు చేసుకుంటాను." ఆయన దేనికి పెద్ద మనసు చేసుకుంటానంటున్నారో అర్థం కావడానికి నాకు గిన్నెలు తోమడం అయ్యేదాకా పట్టింది. అర్థమయ్యాక కూడా ఏమీ అనిపించలేదు. పళ్ళాలు బోర్లించాను. గట్టు తుడిచాను. పొద్దున్న చేసిన అన్నం అడుగున కొంచెం మిగిలితే మజ్జిగ పోసుకుని పలచగా పిసికి, వంటగదిలో పీట మీద కూర్చుని తాగాను. తిన్నాను అని రాయాలి. కానీ తాగాను.

మాది దివిసీమలో నాగాయలంక వైపు ఊరు. మా అమ్మ ముత్యాలమ్మ కూలికి వెళ్ళి వచ్చి వండేది. బాప్తీస్మం తీసుకున్నాక కూడా ఆవిడకి ఆ పేరే ఉండిపోయింది, పాస్టరమ్మ గారు పెట్టిన కొత్త పేరుతో ఎవరూ పిలవలేదు. నేను చిన్నప్పటి నుంచీ నెమ్మదిగా తినేదాన్ని. అన్నయ్యలు తిని ఆడుకోడానికి పోయేవాళ్ళు. నా కంచంలో సగం అట్లాగే ఉండేది. అమ్మ కసిరేది కాదు. గోడకి చేరబడి, కాళ్ళు చాపుకుని, నేను తినేదాకా అక్కడే కూర్చునేది. ఒక్కోసారి కూర్చున్నచోటే కునుకు తీసేది. "అయిందా?" అనేది కళ్ళు మూసుకునే. "అవలేదమ్మా." "సరే తిను." అంతే. ఆ కాసేపు ఆవిడకీ విశ్రాంతి అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ అప్పుడు ఆవిడ నా కోసమే కూర్చుందనుకునేదాన్ని. ఆ మాట మార్చుకోవాలని నాకిప్పటికీ లేదు.

పెళ్ళయిన మొదటి వారం అందరితో పాటు కూర్చోపెట్టారు. "ఏంటి, ఆవు నెమరేసినట్టు?" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "నీ కంచం కడిగేలోపు మళ్ళీ వంటకి వేళవుతుంది" అంది అత్తయ్య. దాంతో అందరికీ వడ్డించాక చివర్లో తినడం మొదలుపెట్టాను. ఎవరో పెట్టిన రూలు కాదు, ఎవరూ వద్దన్నదీ కాదు. అది నాకూ సుఖంగానే ఉండేది, ఎవరూ చూడరు కదా. మెడ వెనక్కి వంచి, భుజం పైకెత్తి, గుక్క నీళ్ళు పోసి ఒక్కో ముద్దనీ దింపుకునేదాన్ని. మాంసం మానేశాను. "మా కోడలికి మాంసం పడదు, మాకే మిగుల్తుంది" అని అత్తయ్య నలుగురిలో మెచ్చుకునేది. పెళ్ళిళ్ళకి వెళ్తే బంతిలో కూర్చోకుండా వడ్డనకి దిగేదాన్ని. "కృపాకుమారి కాలు నిలవదు, ఎంత కష్టజీవో" అనేవాళ్ళు. బుట్టలకొద్దీ అన్నం వడ్డించి ఇంటికొచ్చి గ్లాసుడు జావ తాగి పడుకునేదాన్ని. ఇంతమందికి ఇన్నేళ్ళు వండి పెట్టాను. ఆ మొదటి వారం తరవాత నేను తింటుండగా చూసినవాళ్ళు మాత్రం ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. ఆలోచిస్తే, నేను అందరితో కలిసి, అందరూ తినే క్షణంలోనే తినాల్సిన చోటు ప్రపంచంలో ఒక్కటే మిగిలింది. ఆ చర్చి చాప. అక్కడే దొరికిపోయాను.

పనిచేసే చోట కూడా అంతే. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి రాళ్ళు అతికిస్తాను. వంచిన మెడ ఎత్తకుండా చేసే పని. మధ్యాహ్నం అన్నాలకి వదిలితే అందరూ గబగబా తిని వస్తారు. మొదట్లో నేను డబ్బా తీసుకెళ్ళేదాన్ని. "మీ ఒక్కరి నోరు ఆడటం కోసం పని ఆపుకోవాలాండీ?" అన్నాడు మేస్త్రీ, తమాషాకే. అందరూ నవ్వారు. అప్పటి నుంచి సీసాలో రాగిజావ పోసుకెళ్తున్నాను. నా పక్క సీటు దుర్గాదేవి గిలకలదిండి అమ్మాయి. వాళ్ళ ఆయన సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడు. ఎప్పుడైనా వేయించిన చేప తెచ్చి, ముళ్ళు తీసి, నాకో ముక్క పెట్టబోయేది. "వద్దమ్మా" అంటే, "మీరు దేనికీ కావాలి అనరేంటండీ వదినా" అనేది. చిక్కిపోయాను. జాకెట్లు అన్నిటికీ లోపలికి కుట్లు వేసుకున్నాను. "భలే సన్నబడ్డారు, ఏం చేస్తున్నారండీ" అని అడిగేవాళ్ళు. మా వీధి చివర డాక్టరు గారు గ్యాస్ అని మాత్రలు రాసేవారు. ఆ తరవాత టెన్షన్ అన్నారు. నలభై దాటాక, ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనమ్మా అన్నారు.

ఆ వారంలో ఫిలిప్ గారు ఇంటికొచ్చారు. చెడ్డమనిషి కాదు. నా పెళ్ళి చేసిందీ, మా అమ్మాయి వినీలని చేతుల్లోకి తీసుకుని దీవించిందీ ఆయనే. టీ ఇచ్చి లోపలికి వెళ్ళబోతుంటే, "కూర్చో తల్లీ" అన్నారు. మా హాల్లో మగవాళ్ళ ముందు నేను కుర్చీలో కూర్చోవడం ఎంతో అరుదు. కుర్చీ అంచున కూర్చున్నాను.

"తొందరేం లేదమ్మా. వచ్చే బల్ల ఆదివారం లేచి నిలబడి ఒప్పుకో. అంతే. ప్రభువు క్షమిస్తాడు, సంఘమూ క్షమిస్తుంది. అప్పటిదాకా బల్లకి దూరంగా ఉండు."

"ఏం ఒప్పుకోవాలండీ?"

"అది నీకే తెలియాలి తల్లీ."

నాకు తెలీదు. ఆయన వెళ్ళాక అత్తయ్య దగ్గరకొచ్చి, ఎప్పుడూ లేనంత మెత్తగా, "ఏదో ఒకటి చెప్పెయ్యవే. పెద్దదేం అక్కర్లేదు. అత్తగారిని మనసులో విసుక్కున్నానని చెప్పు. అది నిజమే కదా?" అంది. ఆవిడని చూస్తే నవ్వొచ్చింది. నిజమే. అది నిజమే. కానీ దానికి రొట్టె అడ్డం పడితే ఆ చర్చిలో ఏ కోడలికీ దిగకూడదు. మావయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టి బయట అరుగు మీద కూర్చున్నారు. సంఘపెద్దగా ఉన్నవాడి ఇల్లు ముందు సరిగ్గా ఉండాలని సంఘంలో అప్పుడే ఎవరో అన్నారట. ఆ మాట అత్తయ్య నాకు కూర తరుగుతూ చెప్పింది.

మా వినీల గుడివాడలో ఇంజనీరింగ్ చదువుతోంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఫోన్లో సంగతంతా విని, "అమ్మా, మింగలేకపోతే డాక్టరు దగ్గరకెళ్తారు గానీ పాస్టరు గారి దగ్గరకా?" అంది. "గ్యాసేలే" అన్నాను. "నువ్వు రేపు బస్సెక్కకపోతే నేను వచ్చి ఎక్కిస్తాను" అంది. ఇంట్లో పిల్లకి జ్వరమని చెప్పి బయల్దేరాను. నా జబ్బుకి సెలవు పెట్టాలని నాకే తట్టలేదు చూడండి. పెడన దాటాక రెండుపక్కలా వరి పచ్చగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను గానీ చూసిందేదీ లోపలికి రాలేదు. చాలా రోజులుగా నాకట్లాగే ఉంటోంది, మనుషుల మాటలు కూడా గాజుకి అవతల నుంచి వినిపిస్తున్నట్టు.

గుడివాడలో వినీల తీసుకెళ్ళిన డాక్టరు చిన్నవాడు. నేను చెప్పేది ఆపకుండా విన్నాడు. అది నాకు కొత్తగా ఉండి మధ్యలో రెండుసార్లు మాట మర్చిపోయాను.

"అన్నం తినడానికి ఎంత టైము పడుతుందండీ మీకు?"

"ఎంత దొరికితే అంతండి."

ఆయన రాయడం ఆపి తలెత్తి చూశాడు. వినీల కిటికీ వైపు తిరిగింది.

సున్నంలాంటి తెల్లటి మందు తాగించి, అది దిగుతుండగా ఎక్స్‌రే తీశారు. తెల్లగా దిగుతున్న దారికి ఒకచోట ఏటవాలుగా నొక్కు పడింది. ఎవరో వెనక నుంచి వేలుతో నొక్కిపెట్టినట్టుంది. విజయవాడ వెళ్ళి స్కానింగ్ తీయించుకు రమ్మన్నారు. తీయించుకొచ్చాం. ఆ గుడివాడ డాక్టరే కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. అందరికీ కుడిచేతికి రక్తం తీసుకెళ్ళే నాళం కుడివైపు నుంచే బయల్దేరుతుందట. నాకు ఎడమవైపు నుంచి బయల్దేరి, అన్నం దిగే గొట్టం వెనక నుంచి అడ్డంగా దాటి కుడిచేతికి వెళ్తోందట. పుట్టుకతోనే అంతట. చిన్నప్పుడు నాళం మెత్తగా ఉంటుంది కాబట్టి సర్దుకుపోతుంది, వయసుతో బిరుసెక్కేకొద్దీ గొట్టాన్ని నొక్కుతుంది. "చాలామందికి ఉన్నా తెలియనే తెలియదండి. మీకు గట్టిగానే నొక్కుతోంది. ఇంత నెగ్గుకొచ్చారంటే గొప్పే" అన్నాడు.

నేను నా కుడిచెయ్యి చూసుకున్నాను. ఒళ్ళో ఉంది, మామూలుగానే. గోళ్ళ సందుల్లో రాళ్ళు అంటించే జిగురు. బొటనవేలి దగ్గర పెనం కాలిన మచ్చ. ఇన్నేళ్ళూ వండింది, వడ్డించింది, తోమింది, పిండి పిసికింది ఆ చెయ్యే. దానికి రక్తం వెళ్ళే దారే నా అన్నం దారికి అడ్డం పడిందన్నమాట. ఏడుపు రావాల్సిన చోటు అనిపించింది. రాలేదు.

"నాకూ వస్తుందా డాక్టర్?" అని వినీల అడిగింది. "పుట్టుకతో వచ్చేదే గానీ మామూలుగా తల్లి నుంచి పిల్లకి వచ్చేది కాదమ్మా, భయపడకు" అన్నాడు. నాతో, "ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదండి. బరువు ఇంకా తగ్గితే అప్పుడు ఆలోచిద్దాం. మీకు మందు ఒక్కటే. నిటారుగా కూర్చుని, చిన్నచిన్న ముద్దలు, మెత్తగా నమిలి, నెమ్మదిగా తినండి. ఏ పూటా తొందర పడకండి. ఎవరైనా తొందర పెడితే ఆగమనండి" అన్నాడు. ఆఖరి మాట ఊరికే అన్నాడనుకుంటాను. మందుల షాపులో దొరికేదైతే తెచ్చుకునేదాన్ని.

ఇంటికొచ్చి స్కానింగ్ కవరు టీపాయి మీద పెట్టి, డాక్టరు గీసిన బొమ్మ చూపించి అంతా చెప్పాను. పిల్ల కాలేజీకి వెళ్ళిపోయింది, నేనొక్కదాన్నే చెప్పాను. మా ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇంజను పైపుల గురించి తెలిసిన మనిషి, తొందరగానే అర్థం చేసుకున్నారు. "అయితే ఇంతేనా? ఇంకేం లేదా?" అన్నారు. ఆయన మొహం తేలికపడింది. నాకు పుట్టుకతో జబ్బు ఉందని తెలిసి మా ఆయన మొహం తేలికపడటం చూశాను. ఇన్ని రోజులూ ఆయన రాత్రుళ్ళు అటు తిరిగి పడుకుని ఎవరెవరి మొహాలు గుర్తుచేసుకున్నారో. అప్పుడొచ్చింది నాకు కోపం. చాలా రోజుల తరవాత వచ్చింది, కడుపులో వేడిగా, దాదాపు ఆకలిలాగే. అట్లాగే వచ్చి అట్లాగే పోయింది.

అత్తయ్య మాత్రం కవరు వంక చూసి బెదిరిపోయింది. "ఈ సంగతి బయట ఎవరికైనా చెప్పావా?" అంది.

"లేదు. ఆదివారం ఫిలిప్ గారికి చెప్దామని."

"అమ్మో, వద్దు. వినీల సంబంధం కోసం పెదపారుపూడి వాళ్ళు కబురు పెట్టారు, మర్చిపోయావా? తల్లికి పుట్టుకతో రక్తనాళం తేడా అంటే ఎవరైనా వస్తారా?"

"పిల్లకి రాదని డాక్టరే చెప్పాడత్తయ్యా."

"డాక్టరు నీకు చెప్పాడు. ఊరికి ఎవరు చెప్తారు?" ఆవిడ నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యే. "చూడు కృపా. పాపమైతే ఒప్పుకుంటే పోతుంది. నాలుగు రోజులు అనుకుంటారు, మర్చిపోతారు. పుట్టుకతో వచ్చిన రోగం ఎట్లా పోతుంది? అది పిల్ల మీదకీ పోతుంది. ఒప్పుకోవే. ఏదో చిన్నది."

రోగం ఉందని తెలిశాక కూడా నేను పాపినే కావాలి, వాళ్ళకి అదే నయం. మా ఆయన వైపు చూశాను. ఆయన బొమ్మ మడిచి కవర్లో పెట్టారు. "అమ్మ చెప్పిందాంట్లో కూడా పాయింటు ఉంది" అన్నారు.

అప్పుడు మావయ్య గారు గొంతు సవరించుకున్నారు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనని మనిషి. స్కూలు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనైనా కాదంటారని ఎదురుచూశాను. నిజంగానే ఎదురుచూశాను.

"నిన్ను అబద్ధం ఆడమనడం లేదమ్మా" అన్నారు. "మనమందరం పాపులమే కదా. అంచేత ఏ పాపం ఒప్పుకున్నా అది అబద్ధం కాదు."

"అట్లాగేనండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి నన్ను అడక్కుండానే వస్తుంది. లేచి అందరికీ అన్నాలు పెట్టాను. వాళ్ళు తింటుంటే గోడ పక్కన నిలబడి చూశాను. ముగ్గురూ ఎంత సులువుగా తింటున్నారో. పప్పు కలుపుతున్నారు, మాట్లాడుతున్నారు, ముద్ద నోట్లోకి వెళ్తోంది, అదెక్కడికి వెళ్తోందో ఎవరికీ ధ్యాసే లేదు. మావయ్య గారు పెరుగు వెయ్యమన్నారు. వేశాను.

ఆ శనివారం సంస్కారం రొట్టె అత్తయ్య చేసింది. "బల్లకి దూరంగా ఉన్నదానివి, నువ్వు ముట్టుకోకూడదు" అంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ సాయంత్రం నాకు పని లేదు. వంటింటి గడప దగ్గర కూర్చుని చూశాను. పిండి గట్టిగా కలిపింది, మందంగా ఒత్తింది. ఒకపక్క మాడింది కూడా. మావయ్య గారు చూసి, మాడిన పక్క కిందికి వచ్చేలా తెల్లగుడ్డలో చుట్టి పెట్టారు.

వినీల ఫోన్ చేసింది. పెదపారుపూడి సంగతి అడిగితే, "ఎవరమ్మా వాళ్ళు? నన్నెవరు అడిగారు?" అంది. తరవాత, "రేపు ఏం చెప్తావు?" అంది. "తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు. "తిన్నావా?" అంది. ఆ ప్రశ్న ఎప్పుడూ నేను దానిని అడిగేది. "తింటాలే" అన్నాను.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఒప్పుకోలు ఉందంటే రానివాళ్ళు కూడా వస్తారు. ఎవరినీ తప్పు పట్టలేను, నేనూ అట్లాగే వెళ్ళేదాన్ని. వాక్యోపదేశం అయింది. ఫిలిప్ గారు కళ్ళజోడు తీసి, చాలా ప్రేమగా, "మన సహోదరి కృపాకుమారి నాలుగు మాటలు చెప్తుంది" అన్నారు. లేచాను. పైన ఫ్యాను ఒక రెక్క వంగి తిరుగుతోంది. మగవాళ్ళ వైపు ముందు వరసలో మావయ్య గారు నేల చూస్తున్నారు, ఆయన వెనక మా ఆయన. నా పక్కన అత్తయ్య, ఉతికి గంజిపెట్టిన అదే తెల్లచీరలో. మరక పోలేదు. లేత ఊదాగా కుచ్చిళ్ళ దగ్గర ఉంది, తెలిసినవాళ్ళకే కనిపిస్తుంది. "అత్తగారిని మనసులో విసుక్కున్నాను" అన్న మాట నోటిదాకా వచ్చింది. చిన్న మాటే. చెప్పేస్తే అయిపోతుంది, మళ్ళీ శనివారాలు రొట్టె చేసుకోవచ్చు, ముక్క బుగ్గన పెట్టుకుని తలొంచుకోవచ్చు. దాన్ని కూడా మింగేద్దామనే చూశాను. మెడ కింద, ఎముక వెనక, ఎప్పుడూ ఆగే చోటే ఆగిపోయింది.

"నేను ఒప్పుకోవడానికి ఏమీ లేదండి" అన్నాను. నా గొంతు చర్చిలో అంత దూరం వెళ్తుందని నాకు తెలీదు. "నాకు పుట్టుకతోనే ఒక రక్తనాళం అన్నం దారికి అడ్డంగా ఉందట. స్కానింగ్‌లో తేలింది. మా పిల్లకి రాదని డాక్టరు చెప్పాడు. అందుకే ముద్ద దిగదు. పాపం కాదండి. నాకు తినడానికి టైము పడుతుంది. అంతే."

కూర్చున్నాను. అత్తయ్య మోకాలు నా మోకాలికి తగిలి దూరం జరిగింది. ఫిలిప్ గారు మావయ్య గారి వైపు చూశారు. మావయ్య గారు తలెత్తలేదు. ఎక్కడో పసిపిల్ల ఏడిస్తే తల్లి బయటికి తీసుకెళ్ళింది. ఫిలిప్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, "పాట పాడదాం" అన్నారు. ఏ పాటో ఆయన చెప్పలేదు, ఎవరికి తోచింది వాళ్ళు ఎత్తుకుంటే కాసేపటికి అందరూ ఒకే పాటలోకి వచ్చారు.

పళ్ళెం వచ్చింది. అత్తయ్య తన ముక్క తీసుకుని, పళ్ళెం నాకివ్వాలో, నన్ను దాటించాలో తెలీక రెండు చేతులతో పట్టుకుని ఆగింది. నేను చెయ్యి చాపి ఒక ముక్క తీసుకున్నాను. ప్రార్థన అయింది. అందరూ నోట్లో వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను. ఈసారి బుగ్గన పెట్టలేదు, తల దించలేదు. నిటారుగా కూర్చుని నమలడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరే తినడం అయింది. చీరలు సర్దుకున్న చప్పుడు, గాజుల చప్పుడు. ఫిలిప్ గారు అలవాటుగా రసం గిన్నెల పళ్ళెం వైపు చెయ్యి చాపారు.

నేను కుడిచెయ్యి పైకెత్తాను.

"ఆగండి అయ్యగారూ. నాకింకా అవలేదు."

ఆయన చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. నిండు చర్చి, మగవాళ్ళ వైపూ ఆడవాళ్ళ వైపూ, మా ఆయన, మా మావయ్య గారు, మా అత్తయ్య, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మా అమ్మ పోయాక నేను తినేదాకా మనుషులు ఆగడం అదే మొదటిసారి. రొట్టె మందంగా ఉంది, ఒకపక్క మాడింది కూడా. నేను తొందరపడలేదు.